సాక్షి మాటను తూర్పార పట్టేదెట్లా?

ఖూనీ కేసుల్లో గింజ ఏదో, పొల్లు ఏదో తేల్చే పద్ధతి

ఇల్లందు: ఊళ్ళో ఖూనీ జరుగుతుంది. చూసినవాళ్ళు పదిమంది ఉంటారు. చూశానని చెప్పేందుకు ముందుకు వచ్చేది ఒకరో ఇద్దరో. ఏడాది గడుస్తుంది, రెండేళ్ళు గడుస్తాయి. నాటి సంగతి అందరూ మరచిపోతున్న వేళ కోర్టు నుంచి సమను వస్తుంది. ఆ రోజు బోనెక్కి సాక్షి చెప్పే నాలుగు ముక్కల మీద ఒక మనిషి బ్రతుకు ఆధారపడి ఉంటుంది. ఆ మాట నిజమైతే చచ్చినవాడి ఇంటికి న్యాయం దక్కుతుంది. అబద్ధమైతే ఏ పాపం ఎరుగనివాడు జైలు పాలవుతాడు. నిజం చెప్పినా కోర్టు నమ్మకపోతే చంపినవాడు మీసం మెలేసుకుంటూ ఊళ్ళోకి వస్తాడు.

మరి సాక్షి మాటను కోర్టువారు నమ్మేదెట్లా? నమ్మనిదెట్లా? బోనెక్కిన మనిషిని ప్లీడరు అన్ని ప్రశ్నలు ఎందుకు వేస్తాడు? ఇల్లందు, టేకులపల్లి, గుండాల ప్రాంతాల గూడేలలో, తండాలలో ఈ ప్రశ్నలకు జవాబు తెలిసినవారు తక్కువ. సాక్ష్యం అంటేనే జంకేవారు ఎక్కువ. "చూసినవాడి కంటే చూడనివాడే మేలు" అని ఊరుకునేవారు మరీ ఎక్కువ.

ఖూనీ కేసు మొదట ఇల్లందు వంటి చోట మేజిస్ట్రేటు కోర్టుకు వచ్చినా, విచారణ జరిగేది సెషన్స్ కోర్టులోనే. మేజిస్ట్రేటు కేసును అక్కడికి పంపుతారు. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉన్న ఇల్లందు 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా సాక్షి కష్టం మారలేదు. కూలి పోగొట్టుకొని, తెల్లవారుజామునే బయలుదేరి, అడవి దారిన వచ్చి బస్సెక్కి, కోర్టు వరండాలో పేరు పిలిచేదాకా కూర్చోవాలి. ఎదురు బల్ల మీద ముద్దాయి చుట్టాలు కూర్చొని చూస్తుంటారు. ఒక్కొక్కసారి ఆ రోజు పిలుపే రాదు. వాయిదా పడిందంటారు.

గడియారం లేని సాక్ష్యం

గూడెం మనిషి కాలాన్ని కొలిచే తీరు వేరు. కోడికూత వేళ, గొడ్లు ఇల్లు చేరే వేళ, దీపాలు పెట్టే వేళ, తొలి నిద్ర వేళ - ఇవే అతని గంటలు. దూరం కూడా అంతే. కేక వినబడే దూరమంటాడు, నాలుగు బారలంటాడు, పొలం అవతలి గట్టు అంటాడు. కోర్టు రికార్డులో మాత్రం గంటలు, నిమిషాలు, గజాలు, మీటర్లు ఉండాలి.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. అడ్డ ప్రశ్నలు ఇట్లా సాగుతాయి. "దీపాలు పెట్టే వేళ అన్నావు. అంటే ఎన్ని గంటలు?" "ఏడు అయి ఉంటది సారూ." "పోలీసులకు ఆరున్నర అని చెప్పావు గదా?" "గడియారం చూడలేదు సారూ." "నువ్వున్న చోటికీ, కొట్టిన చోటికీ ఎంత దూరం?" "ముప్ఫై గజాలు ఉంటది." "పటంలో వంద అడుగులు దాటి ఉందే!" సాక్షి తడబడతాడు. చూసినవాళ్ళు 'అబద్ధం బయటపడింది' అనుకుంటారు.

నిజానికి ఇటువంటి తేడాలతో సాక్ష్యం కొట్టుకుపోదు. అరగంట తేడా, పది గజాల తేడా చదువుకున్నవాడికీ వస్తుంది. కత్తి ఎత్తిన చేతిని చూస్తున్నవాడు గడియారం చూడడు, దూరం కొలవడు. చిన్న చిన్న తేడాలు సహజమేనని, అందరూ చిలక పలుకుల్లా ఒకే మాట చెబితేనే నేర్పి పంపారేమోనని అనుమానించాలని సుప్రీంకోర్టు తీర్పులు ఎన్నో ఉన్నాయి. కోర్టు చూసేది కథ గుండెకాయను. ఎవరు కొట్టారు? దేనితో కొట్టారు? ఎక్కడ కొట్టారు? సాక్షి ఆ వేళ అక్కడ ఎందుకున్నాడు? అక్కడి నుంచి చూస్తే కనబడుతుందా? ఈ మాటల్లో తేడా వస్తే మాత్రం సాక్ష్యం కదిలిపోతుంది.

చెరువు మూల ఖూనీలు

సాక్షి మాటను పరీక్షించే హక్కు ఎంత విలువైనదో తెలియాలంటే గుంటూరు జిల్లా కేసు ఒకటి చెప్పుకోవాలి. లా చదివే ప్రతివాడూ దేశమంతటా నేటికీ చదివే కేసు అది. పేరు పులుకూరి కోటయ్య కేసు.

స్వాతంత్ర్యానికి రెండు మూడేళ్ళ ముందు సంగతి. పల్లెలో రెండు పార్టీలు. ఒక పార్టీవారు రెండోవారిని కొట్టారు. దెబ్బలు తిన్నవారి పక్షం పగబట్టింది. పొద్దుగూకే వేళ పులిపాడు చెరువు మూల మాటువేసి ఇద్దరిని కొట్టి చంపారని పోలీసుల అభియోగం. గుంటూరు సెషన్స్ కోర్టు తొమ్మిది మందికి శిక్ష వేసింది. వారిలో కొందరికి ఉరి, మిగిలినవారికి యావజ్జీవ ప్రవాసం. మద్రాసు హైకోర్టు శిక్షలు ఖాయం చేసింది. ముద్దాయిలు లండనులోని ప్రీవీ కౌన్సిలుకు అప్పీలు చేసుకున్నారు. ఆనాటికి ఈ దేశానికి అదే ఆఖరి కోర్టు. 1946 డిసెంబరు 19న సర్ జాన్ బోమాంట్ తీర్పు చెప్పారు.

ముద్దాయిల వాదన ఒక్కటే: సాక్షులందరూ ఎదుటి పార్టీ మనుషులు, వారు చెప్పేదంతా కల్పితం. కల్పితమని తేల్చాలంటే మొదట ఏం చెప్పారో, తర్వాత ఏం చెప్పారో పక్కపక్కన పెట్టి చూడాలి. ఖూనీ తర్వాత సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చి సాక్షుల మాటలు తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత సర్కిల్ ఇన్‌స్పెక్టరు అదే సాక్షులను మళ్ళీ విచారించి రాశాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు రాసినవాటి నకళ్ళు ముద్దాయిలకు సకాలంలో అందాయి. సబ్ ఇన్‌స్పెక్టరు నోటుపుస్తకం మాత్రం ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగియబోయే వేళకు గాని కోర్టుకు రాలేదు. అప్పటికి సాక్షులను అడగవలసినవి అడగడం అయిపోయింది.

నోటుపుస్తకం రాకపోతే కొంప మునిగిందా అని అడగవచ్చు. మునిగే ప్రమాదం ఉందన్నదే ప్రీవీ కౌన్సిలు మాట. సాక్షి పోలీసులకు ముందు చెప్పిన మాటల నకలు పొందడం ముద్దాయికి చట్టం ఇచ్చిన విలువైన హక్కు అని తీర్పులో చెప్పారు. చిన్న తేడా చూపితే నిజం చెప్పే సాక్షికి ఇబ్బంది ఉండకపోవచ్చు. అబద్ధం చెప్పే సాక్షి మాత్రం దాన్ని కప్పిపుచ్చుకోబోయి మరో అబద్ధం ఆడతాడు. ఆ దారం పట్టుకొని లాగితే మొత్తం నేత ఊడిపోవచ్చు. అందువల్ల అడ్డ ప్రశ్నలకు దొరికే ఆధారం ఎంత చిన్నదైనా, దాని ఫలితం ఎంత ఉంటుందో ముందుగా ఎవరూ కొలవలేరన్నది ఆ తీర్పు సారం. నకళ్ళు అసలే ఇవ్వకపోతే ముద్దాయికి అన్యాయం జరిగిందనే అనుకోవలసి వస్తుందని కూడా అన్నారు.

అయితే ఈ ఒక్క కారణం మీద శిక్షలు కొట్టివేయలేదు. నోటుపుస్తకం ఆలస్యంగానైనా వచ్చింది. సర్కిల్ ఇన్‌స్పెక్టరు రాసినవి ముద్దాయిల ప్లీడరు చేతిలో ముందే ఉన్నాయి. రెండింటికీ పెద్ద తేడా కనబడి ఉంటే సాక్షులను మళ్ళీ పిలిపించమని అడిగి ఉండవచ్చు. ఆయన అడగలేదు. కనుక నష్టం జరగలేదని తేల్చారు.

గడ్డివాములో ఈటె

తీర్పు తిరిగింది మరో మెలిక మీద. ఒక ముద్దాయి పోలీసులకు చెప్పిన మాటల్లో, తాము మాటువేసి కొట్టి చంపామన్న ఒప్పుకోలు ఉంది. ఈటెను, తన కర్రను ఊళ్ళో ఒకరి గడ్డివాములో దాచాను, వస్తే చూపుతానన్న మాటా ఉంది. కింది కోర్టులు ఆ వాంగ్మూలాన్ని మొత్తంగా సాక్ష్యం కింద తీసుకున్నాయి.

అది కుదరదన్నారు ప్రీవీ కౌన్సిలు వారు. పోలీసుల చేతిలో ఉన్నవాడు ఒప్పుకున్న నేరం సాక్ష్యం కాదు. కొట్టి ఒప్పించే భయం ఉంది గనుకనే చట్టం ఆ తలుపు మూసింది. అతను చెప్పినందువల్ల ఒక వస్తువు దొరికితే, దొరకడానికి కారణమైన ముక్క వరకే చెల్లుతుంది. 'ఈటె గడ్డివాములో దాచాను' అన్నది చెల్లుతుంది. 'దానితో పొడిచాను' అన్నది చెల్లదు. పొడిచింది ఆ ఈటెతోనేనని వేరే సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి. ఒప్పుకోలు మాటలు తీసివేస్తే శిక్ష నిలిచేందుకు మిగతా సాక్ష్యం చాలుతుందా అన్నది మళ్ళీ చూడమని కేసును మద్రాసు హైకోర్టుకు తిప్పి పంపారు.

అంటే మళ్ళీ బరువంతా కళ్ళారా చూశామన్న సాక్షుల మీదనే పడింది. ఆనాడు తేలిన సూత్రాలు నేటికీ నిలిచే ఉన్నాయి. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారాయి గాని ఈ రెండు సూత్రాలూ మారలేదు.

ఒక్క సాక్షి చాలునా?

చాలుతుంది. సాక్షులు ఇంతమంది ఉండాలన్న లెక్క మన చట్టంలో లేదు. 1957లో మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరచి చెప్పింది. టీ దుకాణం నడుపుకునే మనిషి ఖూనీ కేసు అది. కళ్ళారా చూశానన్నది ఒక్క ఆడమనిషే. ఆమె మాట నమ్మదగినదని తోచి, ఆ ఒక్క మాట మీదనే శిక్షను నిలబెట్టారు.

ఆ తీర్పులో సాక్షులను మూడు రకాలుగా విడదీశారు. పూర్తిగా నమ్మదగినవాడు ఒకడు. వాడి మాట ఒక్కటే చాలు. ఏమాత్రం నమ్మరానివాడు రెండోవాడు. అటువంటివాళ్ళు పదిమంది ఉన్నా దండగే. మూడోవాడు ఈ రెండింటికీ నడుమ ఉంటాడు. వాడి మాటలో కొంత నిజం, కొంత కల్తీ. వాడి మాటకు మరో ఆధారం తోడు కావాలి. డాక్టరు చూసిన గాయాలు, పంచనామాలో దొరికిన గొడ్డలి, మరొకరి మాట - ఏదో ఒకటి దానికి అతకాలి.

చచ్చినవాడి చుట్టాలు చెబితే నమ్మవచ్చునా అన్నది మరో ప్రశ్న. పల్లెల్లో ఖూనీ జరిగితే సాక్ష్యానికి వచ్చేది ఎక్కువగా ఇంటివాళ్ళే. 1953లో పంజాబు నుంచి వచ్చిన దలీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. సొంతవాణ్ణి చంపిన అసలు దొంగను వదిలి, ఊరకున్నవాణ్ణి ఇరికించాలని చుట్టం అనుకోడు. కనుక చుట్టమైనంత మాత్రాన మాట తోసివేయరాదు. అయితే పగ రగులుతున్నచోట అసలువాడితో పాటు, తనకు గిట్టనివాణ్ణి కూడా కలిపి చెప్పే బుద్ధి పుడుతుందనీ ఆ తీర్పే హెచ్చరించింది.

పార్టీలున్న ఊళ్ళ సంగతి తెలిసినవారికి ఈ మాట కొత్త కాదు. కొట్టినవాళ్ళు ముగ్గురైతే కాగితం మీద పదిమంది పేర్లు ఎక్కుతాయి. పొలం గట్టు తగాదా ఉన్నవాడు ఒకడు, ఎన్నికల్లో ఎదుట నిలబడ్డవాడు ఒకడు జాబితాలో చేరతారు. ఆ అత్యాశే చివరికి కేసును ముంచుతుంది. ఏడుగురి సంగతి అబద్ధమని తేలితే ముగ్గురి మీద చెప్పిన నిజం కూడా మసకబారుతుంది. ఒక్క అబద్ధం ఆడాడు గనుక అంతా అబద్ధమేనన్న నియమం మన కోర్టుల్లో లేదు. కళ్ళంలో రైతు తూర్పార పట్టినట్టు పొల్లును ఎగరగొట్టి గింజను నిలుపుకోవాలన్నదే పద్ధతి. కాని పొల్లు మరీ ఎక్కువై గింజతో విడదీయరానంతగా కలిసిపోతే చేటలో మిగిలేది ఏమీ ఉండదు. అనుమానం ఫలితం ముద్దాయికే పోతుంది.

వెన్నెల లేని వెన్నెల సాక్ష్యం

సాక్షి మాటను మాటతో కాక వస్తువుతో కొట్టిన కేసు ఒకటి అమెరికాలో జరిగింది. అప్పటికి ప్లీడరుగా ఉండి, తర్వాత ఆ దేశానికి అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ వాదించిన కేసు అది. 1857 ఆగస్టులో రాత్రి వేళ ఒక మనిషి దెబ్బలు తిని చనిపోయాడు. లింకన్ స్నేహితుని కొడుకు మీద నేరం పడింది. ముఖ్య సాక్షి ఆ రాత్రి తాను దూరం నుంచే అయినా నిండు వెన్నెల్లో స్పష్టంగా చూశానన్నాడు. లింకన్ ఆ మాటను అతనితో పదేపదే చెప్పించాడు. ఆ పైన పంచాంగం తీసి చూపాడు. ఆ రాత్రి ఆ వేళకు చంద్రుడు నడినెత్తిన లేడు, అస్తమించబోతూ కిందికి వాలి ఉన్నాడు. 1858 మే నెలలో ముద్దాయి విడుదలయ్యాడు.

పంచాంగం మన ఊళ్ళలోనూ ఉంది. అమావాస్య రోజుల్లో జరిగిన ఖూనీకి వెన్నెల సాక్ష్యం చెప్పినవాడు ఇక్కడైనా దొరికిపోతాడు. అందుకే వెలుతురు సంగతి ప్రతి రాత్రి కేసులోనూ ముఖ్యం. లాంతరు ఉందా? వీధి దీపం వెలుగుతున్నదా? టార్చిలైటు ఎవరి చేతిలో ఉంది? కొట్టినవాడు ముందే తెలిసినవాడా, కొత్తవాడా? తెలిసినవాణ్ణి నడకను బట్టి, గొంతును బట్టి మసక వెలుతురులో కూడా గుర్తుపట్టవచ్చు. కొత్తవాణ్ణి పట్టడం కష్టం.

మాట మార్చిన సాక్షి

పోలీసులకు ఒకటి చెప్పి కోర్టులో "నాకేం తెలియదు" అనే సాక్షులు పెరిగిపోయారన్నది ప్లీడర్లందరూ చెప్పుకునే మాట. కొందరు డబ్బుకు లొంగుతారు. ఎక్కువమంది భయానికి లొంగుతారు. కేసు పట్నంలో ముగుస్తుంది గాని సాక్షి బ్రతకవలసింది అదే గూడెంలో, ముద్దాయి ఇంటి ముందు నుంచే చెలమకు పోవాలి.

పెద్ద పట్నాలు ఇందుకు మినహాయింపు కావు. 1999లో ఢిల్లీలో జెస్సికా లాల్ అనే యువతిని ఎందరో చూస్తుండగా కాల్చి చంపారు. ముఖ్య సాక్షులు కోర్టులో ఎదురు తిరిగారు. 2006 ఫిబ్రవరిలో ముద్దాయిలంతా విడుదలయ్యారు. దేశమంతా అలజడి చెలరేగింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మిగిలిన సాక్ష్యాన్ని తిరిగి తూచి ప్రధాన ముద్దాయికి యావజ్జీవం వేసింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. సాక్షి ఎదురు తిరిగినంత మాత్రాన అతని మాట మొత్తం చెత్తబుట్టలో పడదు. వేరే ఆధారంతో అతికిన మేరకు కోర్టు తీసుకోవచ్చు.

2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. బెదిరింపు ఉంటే సాక్షి జిల్లాలో దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రతి రాష్ట్రమూ ఇటువంటి పథకం పెట్టాలని కొత్త చట్టంలోనూ రాశారు. కాగితం మీది రక్షణ అడవి పల్లె గుమ్మం దాకా వచ్చినప్పుడే సాక్షి నోరు తెరుస్తాడు.

నమ్మకపోతే జరిగేది

సాక్షిని అనుమానించడం ముద్దాయికి రక్ష. అయితే దాని రెండో అంచు కూడా పదునైనదే. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. విచారణకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. పదహారేళ్ళకు, 2007 జులై 31న, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిలో ఎవరు చనిపోయారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని, సాక్షుల మాటల్లో పొంతన లేదని చెప్పింది. ప్రాణభయంతో పొలాలకు అడ్డం పడి పరుగెత్తినవాళ్ళను గంట, నిమిషం, చోటు చెప్పమంటే ఎట్లా అని బాధితుల పక్షం అడిగింది. ఆ తీర్పు మీద అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

ఈ ప్రశ్న చుండూరుకే పరిమితం కాదు. గడియారం లేని సాక్షి బోనెక్కే ప్రతి చోటా అదే ప్రశ్న ఎదురవుతుంది.

సాక్షి తెలుసుకోవలసింది

సాక్షికి పిలుపు వస్తే గాభరా పడనక్కర లేదు. ఆడవారిని, 15 ఏళ్ళ లోపు, 60 ఏళ్ళ పైబడిన మగవారిని, జబ్బుపడినవారిని సాక్ష్యం కోసం పోలీసులు స్టేషనుకు పిలిపించరాదు. ఇంటికే వచ్చి అడగాలి. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం, వేలిముద్ర తీసుకోరాదు. వారు ఏం రాశారో చదివి వినిపించమని అడగడంలో తప్పు లేదు. కోర్టులో అడ్డ ప్రశ్నలకు ఆధారమయ్యేది ఆ కాగితమే. మనం చెప్పని మాట అందులో ఉంటే, చెప్పలేదని జడ్జీగారికి ధైర్యంగా చెప్పవచ్చు. రాసిన అధికారిని కూడా బోనెక్కించి అడుగుతారు.

చూసింది చూసినట్టు చెప్పాలి. చూడనిది చూశాననరాదు. గంట తెలియకపోతే తెలియదనాలి, దీపాలు పెట్టే వేళ అంటే అదే చెప్పాలి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనాలి. కోయ భాషలోనో లంబాడీలోనో తప్ప చెప్పలేనివారు ఆ సంగతి ముందే కోర్టుకు తెలపాలి. ప్రమాణం చేసి అబద్ధం చెబితే ఏడేళ్ళ దాకా జైలు ఉంది. ఉరిశిక్ష పడదగిన కేసులో ఒకరిని ఇరికించాలని అబద్ధం చెబితే యావజ్జీవం దాకా పడుతుంది.

కళ్ళంలో గాలి ఉంటేనే తూర్పార సాగుతుంది. కోర్టులో ఆ గాలి అడ్డ ప్రశ్న. అది తగిలినప్పుడు పొల్లు ఎగిరిపోవలసిందే, బరువున్న గింజ మాత్రం చేట కిందనే పడుతుంది. ప్రశ్నకు భయపడవలసింది నేర్పించుకొని వచ్చినవాడు. చూసి వచ్చినవాడు కాదు.